మెర్సీ టీచరుగారి బోదె లెక్క

ప్రాజెక్టు అనే మాట వింటే నాకు ఒళ్ళు మంట. జీవితమంతా హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుంది. బడి ప్రాజెక్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. టీచరు పిల్లవాడికి ప్రాజెక్టు ఇస్తాడు. పిల్లవాడు దాన్ని వాళ్ళమ్మకి ఇస్తాడు. ఆవిడ అమలాపురంలో స్టేషనరీ కొట్టువాడికి ఇస్తుంది. కొట్టువాడు ఒక థర్మోకోల్ అగ్నిపర్వతాన్ని అట్టపెట్టెలో పెట్టి ఆవిడ చేతికిస్తాడు. అది వచ్చిన దారినే తిరిగి వెళ్ళి టీచరు బల్ల మీద కూర్చుంటుంది. మార్కులు పడతాయి. కోనసీమలో కొండ అనేది చూడాలంటే గోదావరి దాటి పోవాలి. మా స్టాఫ్ రూములో బీరువా మీద మాత్రం ఏటా అరడజను అగ్నిపర్వతాలు దుమ్ము పట్టి ఉండేవి.

అలాంటి నేను ఒక లెక్కల టీచరు ఇచ్చిన ప్రాజెక్టు గురించి ఇంత రాయడానికి కూర్చున్నానంటే ఆవిడ మీద నాకున్న గౌరవం అలాంటిది. ఆవిడ పేరు మెర్సీ కుమారి. రాజోలు దాటాక కాలవ గట్టు మీద ఉన్న మా జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతారు. నా ఉద్యోగంలో ఆఖరి ఏళ్ళన్నీ స్టాఫ్ రూములో ఆవిడకి ఎదురు కుర్చీలోనే గడిచాయి. మనిషి పొట్టి, నడక వడి. స్కూటీ దిగేటప్పుడు భుజాన సంచి ఉంటుంది. అందులో క్యారేజీతో పాటు కొలత టేపు, కొబ్బరి తాడు చుట్ట, రంగు సుద్దలు, నాలుగు మేకులు, ఒక సుత్తి. ఒకసారి మా హెడ్మాస్టరు రమణబాబు గారు ఆ సంచి చూసి, "ఏమండీ టీచరుగారూ, వడ్రంగం కూడా మొదలెట్టేరా?" అన్నారు. "ఆయ్, అవసరమైతే మొదలెడతానండి" అని నవ్వేసి క్లాసుకి వెళ్ళిపోయారావిడ. ఆవిడ పద్ధతే అంత. పై అధికారి ఏమన్నా "ఆయ్" అంటారు. తరవాత తాననుకున్నదే చేస్తారు.

ఆవిడ అనుకున్నది ఏమిటంటే, ఒక తరగతిలో నలభైమంది ఉంటే నలభైమందికీ ఒకే లెక్క ఇచ్చి ఒకే మెట్టు మీద నిలబెట్టకూడదని. ట్రైనింగుల్లో ఈ మాట మాకూ చెప్పారు. బోలెడు ఇంగ్లీషు పేర్లు కూడా చెప్పారు. టీ తాగి, ఫొటో దిగి, సంతకం పెట్టి ఇంటికొచ్చాం. ఆవిడ ఒక్కరే దాన్ని నిజమని నమ్మి వచ్చారు. దానికి కారణం ట్రైనింగు కాదు, వాళ్ళ అన్నయ్య.

మా బడికి రెండు ఊళ్ళ అవతల దళితుల పేటలో పుట్టారు మెర్సీ గారు. తాతల నాడే చర్చికి వెళ్ళడం మొదలుపెట్టిన కుటుంబం. తండ్రి ఒక రైతు దగ్గర పాలేరు. తల్లి నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఆ ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని కూతుర్ని బీఎడ్ దాకా చదివించారు. కొడుకుని చదివించలేకపోయారు. కొడుకు పేరు జోజి, చెల్లెలికన్నా రెండేళ్ళు పెద్ద. పుస్తకం తెరిస్తే అతనికి అక్షరాలు కుదురుగా నిలబడేవి కావట. చదవమని లేపితే చెమటలు పట్టేవట. ఆరో తరగతిలోనే ఉంచేశారు, మళ్ళీ ఉంచేశారు. ఈలోగా చెల్లెలు అదే తరగతికి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. అన్న వెనక బెంచీలో. ఒకరోజు లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క వేసి, జోజిని నిలబెట్టి, చెల్లెల్ని లేపి, "నువ్వు చెప్పవే, మీ అన్నకి బుద్ధొస్తుంది" అన్నాడు. ఆ పిల్ల గబుక్కున చెప్పేసింది. మర్నాటి నుంచి జోజి బడికి రాలేదు. ఇప్పుడతను దింపు కార్మికుడు, కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. మంచి పనివాడు, నలుగురూ మెచ్చుకుంటారు. అయినా ఆ సమాధానం చెప్పకుండా ఉంటే బాగుండేదని చెల్లెలు ఈ వయసులో కూడా బాధపడుతుంది.

అందుకని ఆవిడ తన ప్రాజెక్టులకి రెండు అలవాట్లు పెట్టుకున్నారు. ఒకటి, ప్రశ్న అందరికీ ఒకటే కానీ దాన్ని చేరే దారులు వేరు. చదవలేని పిల్లకి బొమ్మలు గీసిన అట్టముక్క ఇస్తారు. సూత్రం తెలిసినవాడికి సూత్రంతో పని ఉన్న అట్టముక్క. రెండోది మా బడిలో ఆవిడ పేరు మీదే చలామణీ అయిన మాట: "ఆగిన చోటు". లెక్క అయిపోయాక పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి సమాధానం చెప్పడం కాదు, తాము ఎక్కడిదాకా వెళ్ళగలిగారో, ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగారో చెప్పాలి. ఆగకుండా అంతా చేసేశానన్న వాడికి ఆవిడ ఇంకో లెక్క ఇస్తారు, వాడు కూడా ఆగేదాకా. మొదట్లో ఇదంతా నాకు తలనొప్పి వ్యవహారంగా తోచేది. తరవాత నా తెలుగు క్లాసులో కూడా పిల్లలు, "మాస్టారూ, ఈ పద్యంలో నేను రెండో పాదం దగ్గర ఆగేనండి" అనడం మొదలుపెట్టారు. పద్యం రాదని బిక్కచచ్చి నిలబడే పిల్లలు ఆ మాట అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఇక అసలు సంగతి. నా సర్వీసులో ఆఖరి ఏడాది, దసరా సెలవులయ్యాక, ఎనిమిదో తరగతికి ఆవిడ ఒక ప్రాజెక్టు తలపెట్టారు. మా బడి ప్రహరీ పక్కనే పొలాలకి నీళ్ళు తీసుకెళ్ళే బోదె ఒకటి ఉంది. పెద్దవాళ్ళకి మోకాలి లోతు, పిల్లలకి తొడల దాకా. ఆ బోదెలో గంటకి ఎంత నీరు పోతోంది? ఇదీ ప్రశ్న. బోదె వెడల్పు తాడుతో కొలవాలి. గెడ దించి అక్కడక్కడా లోతు చూడాలి. రాలిన కొబ్బరి పిందెని నీళ్ళలో వదిలి, అది ఒక మేకు దగ్గర్నుంచి ఇంకో మేకు దాకా తేలుతూ పోవడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. తరవాత లెక్క కట్టాలి. థర్మోకోల్‌తో పనిలేని ప్రాజెక్టు కాబట్టి నాకు వినగానే నచ్చింది.

పిల్లల్ని ఆవిడ మూడు గుంపులు చేశారు. చదువులో వెనకబడినవాళ్ళకి గెడా, తాడూ, పిందే. నడిమి వాళ్ళకి కొలతలు పట్టికగా రాసే పని. బాగా వచ్చినవాళ్ళకి లెక్క కట్టి వివరించే పని. ఎవరికి ఏది చేతనవునో వాళ్ళకి అది. చూడడానికి ఎంతో సబబుగా ఉంది. మొదటి గుంపులో శాంతి అనే అమ్మాయి చేతికి గెడ వచ్చింది. జోజికున్న చిక్కే ఈ పిల్లకీ ఉంది, చదవమంటే అక్షరాలు కలిసిపోతాయి. కానీ నీళ్ళలో జంకు లేదు, చూపు చురుకు. ఆ పిల్లకి ఇష్టమైన పని ఇచ్చానని మెర్సీ గారు సంతోషపడ్డారు. రమణబాబు గారు ఫొటో తీసి, పంపవలసిన యాప్‌లో పంపి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. స్టాఫ్ అందరం చూశాం. బాగుందన్నాం.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం శాంతి తండ్రి నతానియేలు గారు బడికి వచ్చారు. ఆయన రాజోలు డిపోలో కండక్టరు. ఖాకీ బట్టలతోనే, డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నారు. మా వైపు మనిషికి కోపం పెరిగేకొద్దీ మాటల్లో 'అండి'లు పెరుగుతాయి. ఆయన స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి మాట్లాడిన తీరు వింటే కోపం ఏ మట్టానికి వచ్చిందో నాకు తెలిసిపోయింది.

"టీచరుగారండి, ఒక్క మాట అడగొచ్చాండి?"

"లోపలికి రండి, కూర్చోండి" అన్నారు మెర్సీ గారు.

"కూర్చోడానికి రాలేదండి." ఆయన ఫోను తీసి ఆ ఫొటో చూపించారు. "ఈ నీళ్ళలో ఉన్న పిల్లలెవరండి? గట్టు మీద పుస్తకాలు పట్టుకుని, తడి అంటని కాళ్ళతో నించున్న పిల్లలెవరండి? మీరే పేర్లు చదవండి."

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకున్నారు. ఒక్కొక్క మొహమే చూస్తూ వెళ్ళారు. నేనూ వెనకనుంచి తొంగిచూశాను. నీళ్ళలో ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు తప్ప అందరూ పేట పిల్లలు. గట్టు మీద ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు తప్ప అందరూ ఊళ్ళో రైతుల పిల్లలు. ఆవిడ కులం చూసి గుంపులు చెయ్యలేదు, మార్కులు చూసి చేశారు. కానీ ఫొటోలో మార్కులు కనబడవు కదా.

"మా అమ్మాయికి చదువు తక్కువని నాకు తెల్సండి" అన్నారు నతానియేలు గారు. "మా నాన్నగారు మోకాలి లోతు బురదలో నించుని నన్ను చదివించేరండి. ఆ బురదలోంచి బయటికి రాడానికి మాకు రెండు తరాలు పట్టిందండి. మీరు ఒక్క పీరియడ్లో మా అమ్మాయిని మళ్ళీ అందులో దింపేరండి. బయటోళ్ళెవరన్నా చేస్తే సరే అనుకుందునండి. మీరు మనోళ్ళండి."

ఆ ఆఖరి మాటకి మెర్సీ గారు ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టేశారు.

ఆయన టీసీ ఇప్పించమన్నారు. అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో మాట్లాడుకుని వచ్చారట. అక్కడ బెంచీల మీద కూర్చోబెట్టి పాఠాలు చెబుతారు తప్ప కాలవల్లో దింపరట. అమ్మాయి సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి తరవాత ఏమవుతుందో నాకు తెలుసు. పొద్దున్నించి సాయంత్రం దాకా ముక్కున పట్టడమే చదువైన చోట, అక్షరం నిలబడని పిల్ల నెల తిరక్కుండా వెనక బెంచీకి చేరుతుంది. ఏడాది తిరక్కుండా బడి మానేస్తుంది. జోజి కథే మళ్ళీ జరుగుతుంది.

"డిసెంబరులో గణిత దినోత్సవం ఉందండి. అప్పటిదాకా ఆగండి నతానియేలు గారూ" అన్నారు మెర్సీ గారు. "ఆ రోజు ఇదే ప్రాజెక్టు మళ్ళీ చేయిస్తాను. మీరు వచ్చి చూడండి. చూసేక కూడా వద్దనిపిస్తే నేనే టీసీ తెచ్చి మీ చేతికిస్తాను."

"ఆయ్. అలాగేనండి. ఆ రోజొచ్చి పట్టుకెళ్తానండి." ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆవిడ నా వైపు తిరిగి, "మా అన్నయ్యని కూర్చోబెట్టిన వెనక బెంచీనే నేను తీసుకెళ్ళి బోదెలో వేసేనండి మాస్టారూ" అన్నారు. "గెడ పట్టుకున్న పిల్లల్ని 'ఎక్కడ ఆగేవమ్మా' అని అడగను కూడా లేదు. వాళ్ళకి లెక్కే ఇవ్వలేదు, ఇంకెక్కడ ఆగుతారు?"

ఓదారుద్దామని నేనొక సలహా ఇచ్చాను. ఆ బోదె గొడవ మనకెందుకు, హాయిగా చార్టుల మీద ఏదో ఒకటి చేయించెయ్యండి అన్నాను. అన్ని ఏళ్ళలో ఆవిడ నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే.

"బురద ఏం పాపం చేసిందండి? మా అమ్మ అందులో నించునే నన్ను టీచర్ని చేసింది. కొందరే దిగడం తప్పు గానీ దిగడం తప్పు కాదు. చార్టులిచ్చేస్తే ఆయనకి నేను జవాబు చెప్పినట్టు కాదు, తప్పించుకున్నట్టు."

మర్నాటి నుంచి ఆవిడ ప్రాజెక్టు మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. కొత్త నియమం ఒకటే: దిగనివాళ్ళు లెక్క కట్టకూడదు, లెక్క కట్టనివాళ్ళు దిగకూడదు. అందరూ గెడ పట్టాలి, అందరూ సుద్దముక్క పట్టాలి. మరి అందరికీ ఒకే తెలివి ఉండదు కదా అంటే, దానికి అట్టముక్కలున్నాయి. మొదటి రకం అట్ట మీద బొమ్మలే. గెడతో చూసిన లోతుల్ని గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టి, చుక్కలు కలిపితే బోదెని అడ్డంగా కోసినట్టు బొమ్మ వస్తుంది. అందులో ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టాలి. రెండో రకంలో అదే బొమ్మని ముక్కలుగా చేసి సూత్రంతో వైశాల్యం కట్టాలి. మూడో రకంలో ఆ రెండు పద్ధతుల్లో వచ్చే సమాధానాలు కొంచెం తేడాగా ఎందుకొస్తాయో కనిపెట్టాలి. ఎవరికి ఏ అట్ట అనేది ఆవిడ చెప్పరు. బల్ల మీద పరుస్తారు, పిల్లలే తీసుకుంటారు. కష్టమనిపిస్తే మారుస్తారు, తేలికనిపిస్తే పైదానికి వెళ్తారు. వెనకటికి మేం గుంపులకి గులాబీ, మల్లె, చామంతి అని పేర్లు పెట్టేవాళ్ళం, ఎవరికీ చిన్నతనం ఉండకూడదని. మేం గది దాటకముందే మొద్దు పువ్వేదో పిల్లలకి తెలిసిపోయేది. ఈవిడ అట్టలకి పేర్లే పెట్టలేదు.

ఈసారి రెండో వైపు నుంచి గాలి లేచింది. స్కూలు కమిటీ చైర్మన్ రాజేంద్రప్రసాద్ గారు వచ్చారు. కొబ్బరి తోటలున్న రైతు, మంచివారే. వారబ్బాయి శ్యామ్ సుందర్ తరగతికి ఫస్టు.

"మావాణ్ణి ట్రిపుల్ ఐటీకి పంపాలనుకుంటున్నానండి" అన్నారాయన. "వాడికి పడిశెం ఒళ్ళండి. బోదెలో జెలగలు కూడా ఉన్నాయండి."

"ఆయ్, ఉన్నాయండి" అన్నారు మెర్సీ గారు. "కానీ జెలగకి ఎవరి మార్కులెన్నో తెలీదు కదండీ. పోయిన నెల ఇదే బోదెలో పిల్లలు దిగినప్పుడు జెలగల మాట మీరు ఎత్తలేదు."

ఆయనకి వెంటనే అర్థమైంది. కాసేపు కండువా సర్దుకున్నారు. "సరే, మావాడికి సాయంత్రం కాస్త ఉప్పు నీళ్ళతో కాళ్ళు కడుక్కోమని చెప్పండి" అని వెళ్ళిపోయారు. గెలిచానన్న సంబరం ఆవిడ మొహంలో లేదు. శాంతి టీసీ సంగతి ఇంకా నెత్తిమీదే ఉంది.

శాంతికి కూడా తెలుసు. ఒకరోజు ఇంటర్వెల్లో స్టాఫ్ రూము కిటికీ దగ్గరికొచ్చి, "టీచర్, అమలాపురం బడిలో బోదె ఉంటాదాండి?" అని అడిగింది.

"ఉండదమ్మా."

"మరక్కడ లెక్కలు ఎలా చేస్తారండి?"

మెర్సీ గారు నా వైపు చూశారు. నేను చూపు పత్రికలోకి దించేసుకున్నాను.

గణిత దినోత్సవం నాడు మంచి ఎండ కాసింది. బోదె గట్టు మీద తల్లిదండ్రులకి కుర్చీలు వేయించారు. నల్లబల్ల ఒకటి తెచ్చి కొబ్బరిచెట్టుకి ఆనించారు. పొద్దున్నే పిల్లలంతా వంతులవారీగా దిగి లోతులు చూసేశారు కాబట్టి, వచ్చినవాళ్ళకి మొదట కనబడింది వరసగా నిలబడ్డ బురద కాళ్ళు. ఎవరివి ఎవరివో పోల్చుకోవడానికి లేదు. మెర్సీ గారి చీర కుచ్చిళ్ళు కూడా మోకాళ్ళ దాకా తడిసి మట్టి కొట్టుకుని ఉన్నాయి. నతానియేలు గారు ఖాకీ బట్టల్లో వచ్చి కూర్చోకుండా వెనకాల నిలబడ్డారు. కాళ్ళకేసి చూస్తున్నారని గమనించాను. మొహంలో మాత్రం ఏమీ తెలియలేదు.

ఇక పిందెల్ని వదిలి చూపించాలి. నీళ్ళలో గెడ పట్టుకుని శ్యామ్ సుందర్, ఎగువన మొదటి మేకు దగ్గర పిందెలతో వెంకటరాజు, బోర్డు దగ్గర శాంతి. పిందె వదిలే క్షణం అందరికీ తెలియడానికి విజిల్ కావాలి. చూస్తే పీఈటీ గారు దాన్ని ఆటల పోటీలకి పట్టుకుపోయారు. రమణబాబు గారు చప్పట్లు కొడదామన్నారు. శాంతి సరాసరి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నీ విజిల్ ఇయ్యవా?"

ఆయన జేబులోంచి తీసి, ఇవ్వబోయి ఆగి, "నేనే ఊదుతాలే" అన్నారు.

"ఊదినప్పుడు చెయ్యి కూడా ఎత్తు నాన్నా. వెంకటరాజుకి వినబడదు."

వెంకటరాజుకి పుట్టుకతోనే వినికిడి లేదు. నతానియేలు గారు ఆ కుర్రాడికేసి ఒకసారి చూసి, చెయ్యి బాగా పైకెత్తి విజిల్ ఊదారు. బస్సు కదలమని ఊదినట్టే ఊదారు, అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పిందె ఒకసారి ఎడమ గట్టు వెంబడి, ఒకసారి మధ్యలో, ఒకసారి కుడి గట్టు వెంబడి పోయింది. మూడుసార్లూ ఆయనే ఊది, ఆఖరున విజిల్ కూతురి చేతిలో పెట్టారు.

తరవాత శాంతి బోర్డు మీద మొదలుపెట్టింది. గళ్ళ కాగితం అతికించి, గళ్ళు లెక్కపెట్టి, బోదె అడ్డుకోత వైశాల్యం రాసింది. ఆ పిల్ల అంకెలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి కానీ తప్పు లేదు. పక్కన పిందె మూడు వేగాలూ వేసింది. ఇక గుణించాలి. అక్కడ సుద్దముక్క ఆగిపోయింది.

నతానియేలు గారు ఉండబట్టలేక, "మధ్యది తీసుకోమ్మా, మధ్యది" అన్నారు.

"మీరు చెప్పకండి నతానియేలు గారూ" అన్నారు మెర్సీ గారు. "తనని ఆగనివ్వండి."

ఆయన మొహం నల్లబడింది. నలుగురిలో కూతుర్ని నిలబెట్టి పరువు తీస్తున్నారనుకున్నారేమో, ఒకడుగు ముందుకేశారు. అప్పుడు శాంతి మాట్లాడింది.

"నేను ఇక్కడ ఆగేనండి. గట్టు పక్కన పిందె మెల్లగా పోయిందండి, మధ్యలో గబగబా పోయిందండి. ఏది తీసుకోవాలో నాకు తెలవలేదండి. మూడూ కలిపి మూడుతో భాగిద్దామనుకున్నానండి. కానీ పిందె పైనే కదండీ తేలుతాది? పొద్దున్న నేను గెడ పట్టుకున్నప్పుడు పైన నీళ్ళు తోసినంత గట్టిగా పాదాల దగ్గర నీళ్ళు తొయ్యలేదండి. కింద నీళ్ళు ఎంత మెల్లగా పోతున్నాయో పిందె చెప్పదు కదండీ. అందుకని ఆగేనండి."

రాజేంద్రప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి, "ఒరే శ్యామూ, నువ్వు చెప్పరా" అని కేకేశారు. వాళ్ళబ్బాయి మూడో రకం అట్ట తీసుకున్నవాడు. వాడు నీళ్ళలోంచే, గెడ వదలకుండా, "నేనూ అక్కడే ఆగేను నాన్నా" అన్నాడు. "నాకు సూత్రం వచ్చు. అందులో ఏ స్పీడు వెయ్యాలో తెలవలేదు."

"మరి టీచరుగారూ?" అన్నారాయన, కొంచెం బెదురుగానే.

"నేను కూడా అక్కడే ఆగేనండి" అన్నారు మెర్సీ గారు. "మా పుస్తకాల్లో లేదు. నేను చదువుకున్న చదువులో కూడా లేదు. ఎవర్నన్నా అడిగితే చెబుతారు. కానీ అడిగేముందు పిల్లల్తో ఒకసారి కొలిచి చూద్దామనుకుంటున్నాను. సీసాలో ఇసక పోసి, మునిగేలా చేసి, అడుగునుంచి వదిలితే తెలుస్తుందేమో. ఎండాకాలం కాలవలు కట్టేసేలోగా చెయ్యాలి."

రమణబాబు గారు తల పట్టుకున్నారు. గణిత దినోత్సవం నాడు, చైర్మన్ గారి ఎదట, లెక్కల టీచరు నాకు రాదని చెప్పడం ఏ సర్క్యులర్లోనూ లేదు మరి. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. చదవలేని పిల్ల గళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఫస్టు మార్కుల కుర్రాడు సూత్రం పట్టుకుని వచ్చి, ఇద్దరూ వాళ్ళ టీచరు పక్కనే నిలబడ్డారు. అందరూ ఆగింది ఒకే చోట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది నేను చూడలేదు, అంత బాగా చెప్పించడం నాకెప్పుడూ చేతకాలేదు.

పిల్లలు కాళ్ళు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళారు. మెర్సీ గారు ఆఫీసు గదిలోకి వెళ్ళి, సిద్ధం చేయించి ఉంచిన టీసీ తీసుకొచ్చారు. మాట ఇచ్చారు కాబట్టి తెచ్చారు. నతానియేలు గారి ముందు నిలబడి రెండు చేతులా పట్టుకుని చాపారు.

ఆయన తీసుకోలేదు. బోర్డు వైపు చూస్తూ, "ఆ కింద నీళ్ళ సంగతి ఎప్పటికి తేలుతుందండి?" అని అడిగారు.

"చెప్పలేనండి. మళ్ళీ మళ్ళీ కొలవాలి."

"అయితే ఇప్పుడిది పట్టుకెళ్ళిపోతే మా అమ్మాయికి తెలవదు కదండీ." ఆయన టీసీని ఆవిడ వైపే తోసేశారు. "ఉంచండి. అక్కర్లేదండి."

మెర్సీ గారు "ఆయ్" అన్నారు. ఆ మాట అని ఆవిడ నిజంగా అవతలి మనిషి చెప్పినట్టే చెయ్యడం నేను చూసింది అప్పుడే.

నతానియేలు గారు టైము చూసుకుని రోడ్డు మీదికి పరుగు తీశారు. డ్రైవరు డిపో నుంచి తెచ్చిన ఆయన బస్సు మా బడి ముందే ఆగి ఉంది. ఎక్కి, జేబులు తడుముకుని, వెనక్కి తిరిగి చూశారు. విజిల్ శాంతి దగ్గరుంది. బోదె గట్టు మీద నిలబడి, చెయ్యి పైకెత్తి, వెంకటరాజుకి చూపిస్తూ ఊదుతోంది. ఆయన దాన్ని అడగలేదు. బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు, అమలాపురం బస్సు కదిలింది.